మూడు తీగలు, ఆరు తీర్లు

నాలుగోసారి కూడా మోటారు తిరగలేదు. జ్వరమొచ్చిన మనిషిలా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వణికి, పళ్లు కొరికినట్టు గర్రుమని నిలిచిపోయింది. మొండయ్య ఎర్ర బటన్ నొక్కాడు, లేచి వెళ్లి గోడకున్న మెయిన్ స్విచ్ దించాడు, మళ్లీ వచ్చి బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. మోకాళ్లు కటుక్కుమన్నాయి. ఇక ఐదు నిమిషాలు చేయడానికి ఏమీ లేదు. స్విచ్ దించినా మోటారును నడిపే కంట్రోలర్ పెట్టెలో కరెంటు నిలువ ఉంటుంది, దాని మీది చిన్న దీపం పూర్తిగా ఆరేదాకా తీగలు ముట్టవద్దు. పూణె ఇంజనీరు మాట అది. ఆయన సోమవారం వచ్చి మోటారు బిగించాడు, మంగళవారం మలేరియాతో ముసుగు తన్నాడు, బుధవారం రైలెక్కి వెళ్లిపోయాడు. పోయే ముందు పెద్దపల్లి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, దుప్పటి కప్పుకునే, రెండు కాగితాల నిండా ఇంగ్లీషు అక్షరాలతో హిందీ రాసిచ్చాడు. ముందు ఏం చూడాలి, తర్వాత ఏ అంకె వేయాలి, ఎక్కడ చేయి పెట్టకూడదు. చివర్లో ఒక మాట, మీరు పాత మనిషి, మోటారు చెప్పేది మీకు అర్థమవుతుంది అని. అది చదివినప్పుడు మొండయ్యకు సంతోషం కలగలేదు. ఎవరో ఇంకో బస్తా తెచ్చి భుజం మీద పెట్టినట్టయింది. గడియారం రెండూ ముప్పావు చూపుతోంది. మూడింటికి కరీంనగర్‌లో భార్య సరోజనను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతారు. నాలుగింటికి ఇక్కడికి సిమెంటు కంపెనీ మనిషి వచ్చి సంచులు కొలుస్తాడు. ఈ రెండింటికీ మధ్య మొండయ్య పెట్టె మీద కూర్చుని దీపం వంక చూస్తున్నాడు.

ఇటువంటి మోటారు అతను ఎన్నడూ చూడలేదు. బొగ్గు బాయిలో, భూమి కింద, ఇరవై మూడేళ్లు అతను చూసిన మోటార్లన్నిటికీ బ్రష్షులుండేవి. వేలెడంత బొగ్గు ముక్కలు, తిరిగే రాగి కడియాలకు ఒరుసుకుంటూ అరిగిపోయేవి, అరిగినప్పుడల్లా మార్చాలి. బొగ్గు తవ్వే చోట బొగ్గుముక్కలు మార్చే ఉద్యోగం అని దోస్తులు నవ్వేవాళ్లు. ఆ నల్లని పొడి అతని గోళ్ల కింద ఎంతగా ఇంకిపోయిందంటే, పెళ్లయిన కొత్తలో సరోజన సున్నిపిండి పెట్టి రుద్దీ రుద్దీ చివరికి వదిలేసింది. చెవి పాడై అన్‌ఫిట్ అయి, ఆ ఉద్యోగం కొడుకు సారయ్యకిచ్చి బయటికొచ్చి నాలుగేళ్లయినా గోళ్లు తెల్లబడలేదు. ఈ మోటారుకు ఆ బొగ్గుముక్కలు లేవు. నున్నటి నల్లని డబ్బా, లోపల అయస్కాంతాలు. దాంట్లోంచి మూడు లావు తీగలు కరెంటు కోసం, మూడు సన్న తీగలు షాఫ్టు ఏ మూల ఉన్నదీ కంట్రోలర్‌కు చెప్పడం కోసం, వెనక కొసన ఇంకో జత ఎంత తిరిగిందో లెక్కపెట్టి చెప్పడం కోసం. ఏ తీగకు ఎప్పుడు కరెంటు పోయాలో కంట్రోలర్ చూసుకుంటుంది. అయితే మూడు లావు తీగలను మూడు మరలకు బిగించే తీర్లు ఆరు. ఆరింటిలో ఒకటే సరైనది. ఏది సరైనదో రాసిన కాగితం మోటారుతో రాలేదు, వేరే మోటారు కాగితం వచ్చింది. కాబట్టి ఒక్కొక్కటే బిగించి చూడాలి. నాలుగు అయిపోయాయి.

దీపం ఆరింది. మొండయ్య లేచి మరలు వదులు చేసి, రెండు తీగలు అటూ ఇటూ మార్చి, బిగించాడు. "జరుగుండ్రి," అన్నాడు ఎవరినీ చూడకుండానే. కోత మిషను దగ్గర నిలబడ్డ బాలలక్ష్మి ఒక అడుగు వెనక్కు వేసింది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి, నాలుగేళ్లుగా ఈ మిషను ఆమెదే. ప్లాస్టిక్ నారతో నేసిన పొడుగాటి గొట్టంలాంటి గుడ్డ చుట్ట నుంచి వస్తుంటే, సంచి పొడుగు రాగానే కాలితో పెడల్ తొక్కి ఆపడం, కత్తి దించడం, మళ్లీ వదలడం. పెడల్ పట్టీలు అరిగిపోయి సంచులు వేలెడు ఎక్కువ, వేలెడు తక్కువ వస్తున్నాయి. పొట్టి సంచి సిమెంటు నింపేటప్పుడు పగులుతుంది. కంపెనీ రెండుసార్లు చెప్పి, మూడోసారి లారీ వెనక్కు పంపింది. అందుకే ఈ మోటారు. ఇది కొలతకు గుడ్డను లాగి, ఆపి, మళ్లీ లాగుతుంది, కాలితో పని లేదు. మోటారు తిరిగితే నీ పని పాయె అని కుట్టు మిషన్ల మీది ఆడవాళ్లు బాలలక్ష్మితో అన్నారు. తిరగకపోతే అందరి పని పాయె అని బాలలక్ష్మి జవాబిచ్చింది. ఇరవై రెండు మంది కుడుతున్నారు. ఇప్పుడు మిషన్లు ఆపి, ఒళ్లో చేతులు పెట్టుకుని ఇటే చూస్తున్నారు.

స్విచ్ వేసి, కంట్రోలర్ కీల పలక మీద కీ నొక్కాడు. మోటారు తిరిగింది.

తిరిగింది, అవును, గుండ్రంగా, ఆగకుండా. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఆఫీసు గది తలుపులోంచి చొక్కారావు వచ్చి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ అతనిదే, మెట్‌పల్లి దగ్గర పసుపు పండే నేల అమ్మి పెట్టాడు. మొండయ్య మోటారు డబ్బా మీద అరచేయి ఆనించాడు. అరచేతికి ఒక సన్నని కంపనం తగిలింది, బరువు మోస్తూ మోయడం లేదని చెప్పే మనిషి ఒంట్లో ఉండే కంపనం లాంటిది. కొద్దిసేపట్లోనే వెచ్చబడింది. కంట్రోలర్ తెర మీద కరెంటు అంకె ఉండాల్సిన దానికి రెండింతలుంది.

"తిరుగుతుంది గద మొండయ్య," అన్నాడు చొక్కారావు.

"తిరుగుతుంది సార్. గని గిది కాదు."

"కాదంటే?"

"ఉత్తగ తిరుగుతుంది. బరువేస్తే గంటల కాలిపోతది. ఇంకొకటి ఉన్నది, అది చూడాలె."

చొక్కారావు గడియారం చూసి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. మొండయ్య స్విచ్ దించాడు. మళ్లీ దీపం. మళ్లీ ఐదు నిమిషాలు. తిరుగుతుంది గద. ఉత్తగ తిరగడం అంటే ఏమిటో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు. పొద్దున లేవడం, తినడం, డ్యూటీకి పోవడం, రావడం, జీతం తెచ్చి సరోజన చేతిలో పెట్టడం, మందు ముట్టకపోవడం, చేయి చేసుకోకపోవడం. కాలనీలో ఆడవాళ్లు నీకేం తక్కువే అని సరోజనను అనేవాళ్లు. ఆమె అవునని తలూపేది. నిన్న సాయంత్రం బస్టాండులో, బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, చెల్లెలు యాదవ్వ టిక్కెట్ల కోసం పోయినప్పుడు, ఆమె అతని వైపు తిరగకుండానే అడిగింది, "రేపు నువ్వుంటవా?" అని. ఇరవై ఏడేళ్లలో అటువంటి మాట ఆమె నోట రాలేదు. అడగడం తెలియని మనిషి అనుకున్నాడు ఇన్నాళ్లు. గర్భసంచిలో గడ్డ అని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా, ఎన్ని దినాలు పండాలె, ఇంట్ల బియ్యం ఉన్నయా, అనే అడిగింది. "మోటారు తిరుగంగనే వస్త," అన్నాడు అతను. "రేపు కంపెనోళ్లు వస్తున్రు. నాలుగైతే నా పని అయిపోతది, బస్సెక్కుత." ఆమె కాసేపు బస్సుల వంక చూసింది. "మోటార్లు తిరుగుతనే ఉంటయి," అంది. కోపంగా అనలేదు. వాన వచ్చేటట్టుంది అన్నట్టు అంది.

ఎందుకు పోలేదు? చొక్కారావు వద్దన్నాడా? అనలేదు. అసలు చొక్కారావుకు చెప్పనే లేదు. ఇరవై రెండు మంది ఆడవాళ్లు, చెవి వినపడని ముసలి ఎలక్ట్రిషియన్‌కు ఎవరూ పని ఇవ్వనప్పుడు ఇచ్చిన మనిషి, ఆగడానికి ఈ కారణాలన్నీ నిజమే. కానీ నిన్న రాత్రి చాప మీద పడుకున్నప్పుడు వాటి కింద ఇంకొకటి తగిలింది, చాప కింద రాయిలాగా. అతనికి దవాఖాన భయం. మందుల వాసనకూ, నెత్తురుకూ కాదు. అక్కడ చేయడానికి ఏమీ ఉండదు, అందుకు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక మనిషి ముఖం చూస్తూ ఉండాలి. మరలు ఉండవు, తీగలు ఉండవు, ఏది మార్చితే నొప్పి తగ్గుతుందో చెప్పే కాగితం ఉండదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మోటారు దగ్గర కూర్చుంటే చేతులకు దారి తెలుసు.

ఆరో తీరు. మరలు బిగించి, చెమట తుడుచుకుని, స్విచ్ వేశాడు. మోటారు నీళ్లలోకి జారిన చేపలా తిరిగింది. అరచేయి ఆనించాడు, కంపనం లేదు. తెర మీద కరెంటు అంకె చిన్నది. ఆ సుఖం అతనికి ఎంతో కాలంగా తెలుసు. వెంటనే ఇంజనీరు కాగితంలో తర్వాతి అడుగు చూశాడు. ఇప్పుడు ఊరికే తిరగడం కాదు, ఒక సంచి పొడుగు తిరిగి ఆగమని చెప్పాలి. కీలు నొక్కాడు. మోటారు కదిలింది, ఆగలేదు. ఇంకా వేగంగా, ఇంకా వేగంగా, ఈలలాగా మొదలై ఏడుపులాగా పెరిగి, రోలర్ మీది గుడ్డ ఎగిరి పాములా నేల మీద పడింది. మొండయ్య వేళ్లు కీల మీద తడబడ్డాయి. చప్పున శబ్దం ఆగిపోయింది. బాలలక్ష్మి ఎర్ర బటన్ మీద అరచేయి పెట్టి నిలబడి ఉంది.

"ఏమైంది కాకా?"

"ఏం గాలే." అతను వంగి వెనక కొసన తీగలు చూశాడు. "లెక్కచెప్పే తీగలు ఉల్టా ఉన్నయి. అది ముందుకు పోతుంటె వెన్కకు పోతుందని చెప్తున్నయి. ఇంకా ముందుకు పో, ఇంకా పో అని కంట్రోలర్ నూకింది. నువ్వు మంచిగ ఒత్తినవ్."

"చప్పుడుతోని తెలిసె," అంది బాలలక్ష్మి. "ఆగే చప్పుడు గాదు అది."

స్విచ్ దించి మళ్లీ పెట్టె మీద కూర్చున్నప్పుడు మూడూ పది అయింది. లోపలికి తీసుకుపోయి ఉంటారు. ఇప్పుడు మత్తు ఇస్తూ ఉంటారు. ఒంటి మీద తెల్లగుడ్డ కప్పి ఉంటారు. దీపం ఇంకా వెలుగుతోంది. ఆఫీసు గదిలో ఫోన్ మోగింది, చొక్కారావు ఎత్తి, తలుపులోంచి అతని వంక ఒక తీరుగా చూశాడు. "మొండయ్య, నీకే. దవాఖాన నుంచట." అతను లేచి వెళ్లాడు. ఫోన్‌ను మంచి చెవికి ఆనించాడు.

"బావా," అంది యాదవ్వ. "అక్క లోపలికి పోనంటుంది."

"ఏందది?"

"సంతకం కావాలన్నరు. నేను పెడ్తనన్న. అక్క వద్దన్నది. ఆయననే వచ్చి పెడ్తడు, అప్పటిదాంక నేను పోను అన్నది. నర్సమ్మ కోపం జేసింది. అక్క అట్లనే కూసున్నది బావా, మాట్లాడ్తలేదు. డాక్టరమ్మ ఐదు దాంక చూస్త అన్నది. ఐదు దాటితె ఇగ వచ్చే వారమే అన్నది."

"నువ్వే పెట్టు యాదవ్వ. నేను చెప్పిన్నని చెప్పు."

అవతల ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. "చెప్పిన బావా," అంది యాదవ్వ. "నువ్వు గట్లనే అంటవని అక్క ముందే చెప్పింది."

చూస్త అని ఫోన్ పెట్టేశాడు. చూస్త అంటే ఏమిటో యాదవ్వకూ తెలియదు, అతనికీ తెలియదు. కాళ్లు అతన్ని మళ్లీ పెట్టె దగ్గరికే తీసుకొచ్చాయి. దీపం ఆరి ఉంది. వెనక కొసన సన్నని తీగలు రెండు మార్చాడు, స్విచ్ వేశాడు, ఒక సంచి పొడుగు తిరిగి ఆగమన్నాడు. తిరిగి, ఆగింది. అయితే కొలతకు గీసిన గీతకు వేలెడు ముందే బద్ధకంగా ఆగింది. ఇక్కడి నుంచి రెండు అంకెల పని. మొదటి అంకె మోటారు ఎంత గట్టిగా లాగాలో చెబుతుంది, రెండోది ఎంత పట్టి ఆపాలో చెబుతుంది. మొదటిది తక్కువైతే గీత దాకా రాదు. ఎక్కువైతే గీత చుట్టూ అటూ ఇటూ వణుకుతూ కూత పెడుతుంది. అతను పది పెంచాడు, చూశాడు, ఇంకో పది పెంచాడు. నువ్వు గట్లనే అంటవని అక్క ముందే చెప్పింది. పది పెంచాడు. ఆమెకు అతని మాటలు ముందే తెలుసు. ఎప్పటి నుంచి తెలుసు?

డెబ్బై రెండులో రెండో షిఫ్టు. బాయి లోపల, బొగ్గు తొట్లు లాగే పెద్ద మోటారుకు బ్రష్షులు మారుస్తున్నాడు. తొట్లన్నీ ఆగిపోయి ఉన్నాయి, పైవాళ్లు షిఫ్టు చూసే సర్దార్ మీద కేకలు, సర్దార్ ఇతని మీద కేకలు. అప్పుడు పైనుంచి కబురు వచ్చింది, మొండయ్య భార్య నొప్పులు పడుతోంది, కష్టంగా ఉంది, రమ్మంటున్నారు అని. తొలి కాన్పు. గంటల వస్త అని చెప్పి పంపాడు. బ్రష్షులు మార్చడం గంటలో అయింది. తర్వాత మోటారు తిరిగింది, తర్వాత ఇంకో చోట తీగ తెగింది, తర్వాత షిఫ్టు అయిపోయింది. పైకి వచ్చి, టోపీ దీపం అప్పజెప్పి, క్వార్టరుకు నడిచి వెళ్లేసరికి గడపలో మంత్రసాని దుర్గవ్వ కూర్చుని ఉంది. ఆడపిల్ల పుట్టి నాలుగు గంటలు బతికిందని చెప్పింది. తీసుకుపోయి పాతిపెట్టి వచ్చారు, అతని బాపు, ఇంకో ఇద్దరు. లోపల సరోజన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. నల్లని చేతులు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కడుక్కోవడానికి బయటికి పోయి, చాలాసేపు కడుక్కున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. అతనూ ఏమీ అడగలేదు. రెండేళ్లకు సారయ్య పుట్టాడు. సారయ్య పుట్టాక ఆ మొదటి దాన్ని గురించి మాట్లాడాల్సిన అవసరం తప్పిందనుకున్నాడు. ఇద్దరి మధ్యా ఆ మాట రాకుండా ఇరవై నాలుగేళ్లు నడిచాయి, పై చూపుకు గుండ్రంగా, ఆగకుండా. ఆమె లోపల ఎంత వేడెక్కిందో అరచేయి ఆనించి చూసినవాళ్లు లేరు.

మోటారు కూత పెట్టింది. ఎంత పెంచాడో చూసుకోలేదు. బాలలక్ష్మి అంటోంది, "కాకా, ఎక్కువైంది, తగ్గించు." అతను తగ్గించలేదు. బటన్ నొక్కి ఆపాడు. గడియారం మూడూ ఇరవై.

"ఇటు రా," అన్నాడు. "గిది పట్టుకో."

బాలలక్ష్మి కీల పలకను, తడిచేతులతో గిన్నె పట్టుకున్నట్టు, రెండు చేతులతో పట్టుకుంది.

"గీ మొదటి అంకె. ముందు దీన్ని ముప్పై తగ్గించు. ఆడికెళ్లి పదిపది పెంచు. గీతకు దగ్గరికి రావాలె. కూత పెడితె ఒక పది వెన్కకు. తర్వాత గీ రెండోది, ఐదైదు పెంచు, చప్పుడు లేకుంట ఆగెదాంక. నువ్వు పెడల్ తొక్కినప్పుడు మంచిగ ఆగితె ఎట్ల తెలుస్తుండె నీకు?"

"కడుపుల తెలుస్తుండె."

"గంతే. గదే చూడు. అంకెలు చూడకు, గది విను. కత్తి దిగకుంట పెట్టిన గొళ్లెం ఇప్పుడు తియ్యకు. ఆగుడు మంచిగ కుదిరినంకనే తియ్యి. చెయ్యి మాత్రం లోపల పెట్టకు, ఎవలు చెప్పినా."

"నువ్వేడికి పోతున్నవ్ కాకా?"

"దవాఖానకు, మీ చిన్నమ్మ కాడికి."

ఆఫీసు గదిలో చొక్కారావు కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. మొండయ్య చెప్పాడు. ఆపరేషన్ అని, సంతకం అని, ఐదింటి లోపల అని. చొక్కారావుకు సగం మాటలు ఇప్పుడే మొదటిసారి వినడం. అతని ముఖంలో జాలి, కోపం ఒకదాని మీద ఒకటి వచ్చాయి, కోపమే నిలిచింది.

"నిన్న చెప్పొద్దా? పూణెకు ఫోన్ చేసి ఇంకొకలను పిలిపిస్తుంటి. కంపెనాయన అర్ధగంటల ఈడ ఉంటడు. గిప్పుడు చెయ్యిచ్చి పోతున్నవా?"

"తప్పు నాదే సార్."

"తప్పు నీదని అంటె నా సంచులు కొలతకు వస్తయా? నా భూమి అంత గీ రేకుల కింద ఉన్నది మొండయ్య."

"తీగలు మంచిగ కుదిరినయి సార్. ఇగ ఆగుడే ఉన్నది. ఆగుడు నాకన్న బాలలక్ష్మికి ఎక్వ తెలుసు. ఆమెను చెయ్యనియ్యుండ్రి. పక్కన నిలబడి తొందర పెట్టకుండ్రి."

"నువ్వు ఆడిదాంక పోయినంక మళ్ల ఈడికి రాకు," అన్నాడు చొక్కారావు. మొండయ్య తలూపాడు. చెప్పులు వేసుకుని, గేటు దాటి, ఎండలో పది అడుగులు వేశాక వెనక నుంచి అదే గొంతు వినిపించింది. "గేటు కాడ బస్సు ఆపడు. స్టేజి కాడికి నడువు. మూడున్నరది ఉన్నది, జల్ది నడువు."

బస్సు నిండుగా ఉంది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మోటారు గురించి ఆలోచించబోయాడు, ముప్పై తగ్గించిందా, గొళ్లెం తీసిందా అని. అంతకంటే ముందుకు ఆలోచన సాగలేదు. ఒళ్లంతా నొప్పి. ఇన్నేళ్ల షిఫ్టులన్నీ ఒక్కసారి కాళ్లలోకి దిగినట్టుంది. కిటికీలోంచి వేడిగాలి, పొలాల్లో కోసేసిన మొక్కజొన్న మోళ్లు, మానేరు వాగులో ఇసుక, ఎక్కడో ఒక నీటి చార. ఒక స్టేజి దగ్గర గొర్ల మంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. ఒకటొకటే దాటుతున్నాయి. డ్రైవర్ బీడీ వెలిగించాడు. మొండయ్య గొర్ల వంక చూస్తూ, ఇవి దాటకపోతే, ఐదు దాటితే, ఆమె ఆ బెంచీ మీదనే వచ్చే వారం దాకా కూర్చుంటుందా అనుకున్నాడు. కూర్చుంటుంది. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. గొర్లు దాటాయి.

నాలుగూ యాభైకి దవాఖాన మెట్లెక్కాడు. ప్రైవేటు దవాఖాన, రెండో అంతస్తు. వరండా చివర బెంచీ మీద సరోజన కూర్చుని ఉంది, పచ్చగౌను వేశారు, జుట్టు రెండు జడలుగా అల్లారు, చిన్నపిల్లలా ఉంది. అతన్ని చూసి లేవలేదు. నర్సు కాగితం తెచ్చి వేలితో చోటు చూపించింది. మొండయ్య సంతకం చేశాడు. అక్షరాలు వంకర పోయాయి. సరోజన ఆ సంతకాన్ని వంగి చూసింది, నిజంగా పడిందా లేదా అన్నట్టు. తర్వాత లేచి, నర్సు వెంట తలుపు దాకా నడిచి, అక్కడ ఒక్క క్షణం ఆగి, "తిన్నవా?" అని అడిగింది. లేదన్నాడు. "యాదవ్వ కాడ రొట్టెలున్నయి," అని లోపలికి పోయింది. అతను రొట్టె చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వరండాలో పొద్దు గూకింది. డాక్టరమ్మ బయటికొచ్చి, గడ్డ తీసేశాం, పరీక్షకు పంపుతాం, చూడటానికైతే మంచి గడ్డే, భయపడకండి అంది. అప్పుడు తిన్నాడు. ఎండిపోయిన రొట్టె.

మర్నాడు పొద్దెక్కాక బాలలక్ష్మి వచ్చింది, కొప్పులో పూలు లేవు, కళ్ల కింద నలుపు. నాలుగున్నరకు కంపెనాయన వచ్చాడట. అప్పటికీ ఆగుడు కుదరలేదు. చొక్కారావు టీ ఇచ్చి, మళ్లీ టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఐదూ పదికి కుదిరింది. వంద సంచులు కోస్తే ఏడు తప్పాయి. "ఏడంటె ఎక్వనే కాకా. నెల దినాలు చూస్తమన్నడు. దొర నన్నే మిషను మీద ఉండమన్నడు. నిన్ను గురించి ఏం అనలే." మొండయ్య ఆ ఏడు ఎందుకు తప్పాయో అడగబోయాడు. మొదట తప్పాయా, చివర తప్పాయా, అది తెలిస్తే సంగతి తెలుస్తుంది. అడగలేదు. "మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు. బాలలక్ష్మి రెండు బత్తాయిలు మంచం మీద పెట్టి, షిఫ్టు ఉందని వెళ్లిపోయింది. యాదవ్వ నీళ్లకు పోయింది. సరోజన కళ్లు తెరిచే ఉంది, పైకప్పు చూస్తోంది. మొండయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. అడగాల్సిన మాట ఎంతసేపు నోట్లో తిప్పుకున్నాడో తెలియదు. అది బయటికొచ్చినప్పుడు అతని గొంతే అతనికి కొత్తగా వినిపించింది.

"పిల్ల ఎట్లుండె?"

ఏ పిల్ల అని సరోజన అడగలేదు. పక్క మంచం మీది ముసలావిడ దగ్గి, అటు తిరిగి పడుకుంది.

"నల్లగ ఉండె," అంది సరోజన. "నీ లెక్క. నెత్తినిండ ఎంటికెలు. ఏడ్వనే లే. కండ్లు తెరిచి చూసింది."

దుప్పటి అంచు లాక్కుని మళ్లీ అంది, "పేరు సుత పెట్టిన."

"పేరా?"

"మీ అవ్వ వద్దన్నది. నాలుగు గంటల పిల్లకు పేరెందుకే అన్నది. నేను కొట్లాడిన. నోట్ల నీళ్లు లెవ్వు, లేవ చాతగాలే, అయినా కొట్లాడిన. పేరు లేకుంట ఎట్ల పంపుత అన్న. జమున అని పెట్టిన."

మొండయ్య స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకా చెప్పు," అన్నాడు.